ఏ గడప తొక్కాలి? పార్లమెంటు అధికారాలపై పాఠకుల ప్రశ్నలు

పార్లమెంటు ఏం చేయగలదు, ఎంపీని ఏమడగాలి అంటూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులు. పెద్ద ఉత్తరాలను కుదించాం.

ప్రశ్న: గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామని 2014 విభజన చట్టంలోనే రాశారు కదా, మళ్ళీ 2019లో ఇంకో చట్టం దేనికి? రెండు చట్టాలయ్యాక కూడా సొంత భవనాల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడటం ఏమిటి? చట్టం చేసిన పార్లమెంటుకు అమలు చేయించే బాధ్యత లేదా?
— మెంటాడ మండలం, విజయనగరం జిల్లా

జవాబు: ముందు చట్టంలోని మాటలను దగ్గరగా చూడండి. విభజన చట్టం 13వ షెడ్యూలులో రాసిన పనులకు పదేళ్ళలోగా అవసరమైన చర్యలన్నీ తీసుకోవాలని 93వ సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికి చెబుతోంది. లెక్క మొదలైంది 2014 జూన్ 2న. అంటే ఆ గడువు 2024 జూన్‌లోనే దాటిపోయింది. ఆ షెడ్యూలులో గిరిజన విశ్వవిద్యాలయం దగ్గర "స్థాపించాలి" అని ఉంది. రైల్వే జోన్ దగ్గరకొచ్చేసరికి ఆరు నెలల్లోగా "పరిశీలించి" త్వరగా నిర్ణయం తీసుకోవాలని ఉంది. పరిశీలించి కుదరదని చెప్పినా రెండో వాక్యాన్ని ఉల్లంఘించినట్టు కాదు. మొదటిదానికి ఆ వెసులుబాటు లేదు. బిల్లు సభలో ఉన్నప్పుడు "పరిశీలించాలి" అన్న ఒక్క మాటను "ఏర్పాటు చేయాలి"గా మార్చే సవరణ నెగ్గి ఉంటే తర్వాతి కథ వేరుగా ఉండేది. బిల్లులను క్లాజు క్లాజుగా చదివే ఎంపీ విలువ అక్కడే తెలుస్తుంది.

ఇక రెండో చట్టం. "స్థాపించాలి" అన్నది ప్రభుత్వానికిచ్చిన ఆదేశం మాత్రమే, ఆ మాటతో విశ్వవిద్యాలయం పుట్టదు. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీలిచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయానికి, లేదా ఆ హోదా పొందిన సంస్థకే ఉంటుంది. అందుకని 2009 కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టాన్ని 2019లో సవరించి, అనంతపురంలో కేంద్రీయ విశ్వవిద్యాలయాన్నీ విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాన్నీ అందులో చేర్చారు. షెడ్యూలులోని అదే వాక్యం తెలంగాణకూ ఒక గిరిజన విశ్వవిద్యాలయం ఇమ్మంది. వాళ్ళకు సవరణ చట్టం 2023 డిసెంబరులో గానీ రాలేదు. ఒకే వాక్యం అమలుకు ఒక రాష్ట్రంలో 5 ఏళ్ళు, ఇంకో రాష్ట్రంలో 9 ఏళ్ళు పట్టింది.

మూడోది డబ్బు. ఎక్కువమందికి తెలియనిది ఇదే. 2019 చట్టంతో సంస్థ పుట్టింది, ఖజానా మాత్రం తెరుచుకోలేదు. పార్లమెంటు ద్రవ్య వినిమయ చట్టం చేస్తే తప్ప సంచిత నిధిలోంచి రూపాయి తీయకూడదని రాజ్యాంగం 114వ అధికరణం చెబుతోంది. ఆ అనుమతి ఏ ఏటికాయేడు తెచ్చుకోవాల్సిందే. ప్రతి మంత్రిత్వ శాఖ పద్దు ముందు స్థాయీ సంఘానికి వెళ్తుంది. ఇలాంటి సంఘాలు 24 ఉన్నాయి, ఒక్కోదాంట్లో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. తర్వాత లోక్‌సభలో ఓటింగు. సభలో చర్చకొచ్చేవి ఏటా నాలుగైదు శాఖల పద్దులే. గడువు రోజు సాయంత్రం మిగిలినవాటన్నిటినీ చర్చ లేకుండా ఒక్క ఊపున ఓటుకు పెట్టేస్తారు, దాన్నే గిలెటిన్ అంటారు. కాబట్టి పద్దును నిజంగా గీటురాయి మీద పెట్టేది స్థాయీ సంఘంలోనే. మీ ఎంపీ విద్యాశాఖ చూసే సంఘంలో ఉన్నారో లేదో కనుక్కోండి. లేకపోతే ఉన్న తెలుగు సభ్యుడికి రాయండి.

రాసేటప్పుడు "నిధులెంత ఇచ్చారు" అని ఊరుకోవద్దు. కేటాయించింది ఎంత, విడుదలైంది ఎంత, ఖర్చయింది ఎంత అని మూడూ విడివిడిగా అడగండి. భవన నిర్మాణానికి కేటాయించిన సొమ్ము మార్చి 31 నాటికి ఖర్చు కాకపోతే ఆ అనుమతి మురిగిపోతుంది, మరుసటి ఏడు కొత్తగా తెచ్చుకోవాలి. 2023 ఆగస్టులో మీ వైపు శంకుస్థాపన జరిగింది కదా, ఆ తర్వాత ప్రతి ఏటా ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే పని ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. స్థలం చిక్కా, టెండరా, లేక డబ్బే రాలేదా అన్నది ఆ మూడింటి మధ్య తేడాలోనే ఉంటుంది.

అమలు చేయించే బాధ్యత ఉందా అంటే, ఉంది. కాకపోతే పార్లమెంటు తాపీ పట్టదు, తాపీ పట్టాల్సినవాడిని నిలబెట్టి అడుగుతుంది. 75వ అధికరణం ప్రకారం మంత్రిమండలి మొత్తం లోక్‌సభకు జవాబుదారీ. సభలో మంత్రి "పరిశీలిస్తున్నాం, సమాచారం సేకరించి సభ ముందుంచుతాం" అంటే ఆ మాట హామీగా నమోదవుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. దాన్ని వెంటాడటానికే ప్రభుత్వ హామీల సంఘం అని ఒకటి ఉంది. మీ విశ్వవిద్యాలయం మీద మంత్రులిచ్చిన పాత జవాబులు తీసి, అలాంటి మాటలున్నవి ఏరి, ఆ సంఘానికి గుర్తు చేయమని ఎంపీని అడగండి.

ప్రశ్న: ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి పార్లమెంటులో అడగమని వినతిపత్రమిచ్చాం. "ఆరోగ్యం రాష్ట్రానిది, ప్రశ్న తిరగ్గొట్టారు" అని చెప్పారు. నిజమేనా?
— కవిటి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నిజమే అయ్యుంటుంది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 6వ అంశం. "మా ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరు ఎందుకు లేడు" అని అడిగితే అది కేంద్ర ప్రభుత్వ బాధ్యత కాదని లోక్‌సభ సచివాలయం పక్కన పెడుతుంది. అంతమాత్రాన ఉద్దానం ఢిల్లీకి సంబంధం లేని సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి కేంద్రానిది. ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమంలో కేంద్రం సొమ్ముంది. ఊళ్ళో కుళాయి నీళ్ళకు కేంద్రం వాటా ఉంది. ప్రశ్నను అటు తిప్పాలి. ఇలా రాసివ్వండి:

"ఆరోగ్య మంత్రి తెలపగలరా: అ) శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి కారణాలపై భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన అధ్యయనాలేవి, అవి ఏ దశలో ఉన్నాయి, ఆ) గత మూడేళ్ళలో జాతీయ డయాలిసిస్ కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్‌కు మంజూరైన, విడుదలైన, ఖర్చయిన మొత్తాలెంత, ఏడాదివారీగా, ఇ) శ్రీకాకుళం జిల్లాలో ఆ కార్యక్రమం కింద నడుస్తున్న కేంద్రాలేవి?"

ప్రశ్న 150 మాటలు దాటకూడదు. ఒక ప్రశ్నలో ఒక మంత్రిత్వ శాఖ సంగతే ఉండాలి. తాగునీటి ముక్క కూడా దీంట్లోనే ఇరికిస్తే మొత్తం పోతుంది, అది జలశక్తి శాఖకు వేరే ప్రశ్న. మంత్రి అభిప్రాయం అడగకూడదు, కోర్టులో ఉన్న విషయం ఎత్తకూడదు, ప్రశ్నలో పెట్టిన వాస్తవాలకు ఎంపీయే పూచీ. "ఇంతమంది చనిపోయారు" అని ఆధారం లేని అంకె రాసిస్తే ఇబ్బంది పడేది ఆయనే. నోటీసుకు పూర్తిగా 15 రోజుల వ్యవధి కావాలి, కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించిన వారంలోనే మీ కాగితం ఆయన చేతిలో ఉండాలి. సమావేశాలు మొదలయ్యాక దండలతో వెళ్ళి ఇచ్చే వినతిపత్రం చాలాసార్లు ఆ విడతకు అందదు.

నక్షత్రం గుర్తున్న ప్రశ్నే కావాలని పట్టుబట్టొద్దు. లోక్‌సభలో రోజుకు నక్షత్రపు ప్రశ్నలు 20, వాటికి మంత్రి నోటితో జవాబిస్తారు, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. కానీ గంటలో అన్నీ రావు, సభ వాయిదా పడితే ఒక్కటీ రాదు. నక్షత్రం లేనివి 230 దాకా ఉంటాయి. వాటి జవాబు రాతపూర్వకంగా సభ ముందు పెడతారు, సభ ఎంత గోలలో ఉన్నా ఆ కాగితం ఆగదు. మీకు కావలసింది అంకెలు కాబట్టి నక్షత్రం లేనిదే మేలు. ఆ జవాబు చేతికొచ్చాక తర్వాతి విడతలో దాన్ని పట్టుకుని పైమెట్టు ప్రశ్న వేయించండి. రోగంతో మంచాన పడ్డవాళ్ళున్న ఊళ్ళకు ఇది నిదానమైన దారిలాగే అనిపిస్తుంది. అయినా ప్రభుత్వం సంతకంతో వచ్చిన ఒక అంకె, పది సభల్లో చేసిన ప్రసంగాలకంటే ఎక్కువ పని చేస్తుంది.

ప్రశ్న: మా సాలూరును 2022లో విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యంలోకి మార్చారు. అంత తేలిగ్గా జిల్లాలే మార్చగలిగినప్పుడు ఒడిశాతో కొటియా గ్రామాల తగాదా ఎందుకు తెగదు?
— విజయనగరం పట్టణం

జవాబు: జిల్లా గీత రాష్ట్రం చేతిలోది. 1974 జిల్లాల ఏర్పాటు చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే 2022 ఏప్రిల్ 4 నుంచి కొత్త జిల్లాలు అమల్లోకొచ్చాయి. ఢిల్లీకి అందులో పనిలేదు. రాష్ట్రాల మధ్య గీత అలా కాదు, దాన్ని మార్చే అధికారం 3వ అధికరణం కింద పార్లమెంటుకు మాత్రమే ఉంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఉన్న గీత ఎక్కడ పోతోందో తేల్చడం ఒకటి, గీతను జరపడం ఇంకొకటి. మొదటిదానికి రెండు ప్రభుత్వాలు కూర్చుని కలిసి సర్వే చేయించుకోవచ్చు, కుదరకపోతే 131వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు వెళ్ళొచ్చు. కొటియా మీద ఒడిశా 1968లో వెళ్ళింది. ఎవరి భూమో తేలకుండానే 2006లో ఆ దావా ముగిసింది. గీతను జరపాలంటే మాత్రం రాష్ట్రపతి సిఫారసుతో పార్లమెంటులో బిల్లు పెట్టాలి. ముందుగా రెండు శాసనసభలకూ పంపి అభిప్రాయం అడగాలి. అడగడం తప్పనిసరి, వినడం తప్పనిసరి కాదు. 2014 జనవరిలో మన శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసినా, ఫిబ్రవరిలో రెండు సభలూ సాధారణ మెజారిటీతో దాన్ని ఆమోదించాయి. రాష్ట్రం రూపాన్నే మార్చే చట్టానికి రాజ్యాంగ సవరణకుండే మెజారిటీ అక్కర్లేదని 4వ అధికరణం చెబుతోంది. మన సమాఖ్యలో రాష్ట్రాలకు అన్నిటికంటే బలహీనమైన చోటు ఇదేనని మా అభిప్రాయం.

సామరస్యంగా జరిగిన ఉదాహరణా ఉంది. ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టం 1959లో వచ్చి 1960 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. తిరుత్తణి అటు వెళ్ళింది, కొన్ని గ్రామాలు ఇటొచ్చాయి. ఏ ఊరు ఎటో చట్టం షెడ్యూళ్ళలో పేరుపేరునా రాశారు. కొటియాకైనా అలాంటి షెడ్యూలే కావాలి. అది రావాలంటే రెండు రాష్ట్రాలూ ముందు ఒక మాట మీదకు రావాలి. రాజకీయంగా ఏ కేంద్ర ప్రభుత్వమూ ఒక రాష్ట్రాన్ని నొప్పించి ఇలాంటి బిల్లు నెత్తికెత్తుకోదు.

ప్రశ్న: రాజ్యాంగ సవరణకు "మూడింట రెండొంతులు" అని ఒక పుస్తకంలో, "సగానికి పైగా" అని ఇంకో పుస్తకంలో ఉంది. ఏది రాయాలి?
— పోటీ పరీక్షల అభ్యర్థి, బొబ్బిలి

జవాబు: రెండూ రాయాలి, రెండూ ఒకేసారి నెరవేరాలి. హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు, సభ మొత్తం సభ్యత్వంలో సగానికి మించి. ఇది 368వ అధికరణం. లోక్‌సభ 543 అనుకుంటే సగానికి మించి అంటే 272. ఓటేసినవారు 450 మంది అయితే 300 ఓట్లు కావాలి. 390 మందే ఓటేశారనుకోండి, మూడింట రెండొంతులు 260కే నిండుతుంది, కానీ 272 లేదు కాబట్టి బిల్లు పోతుంది. ఖాళీ సీట్లు మొత్తం సభ్యత్వంలో కలుస్తాయి. తటస్థంగా ఉన్నవారు ఓటేసినవారి లెక్కలోకి రారు. ఈ మెజారిటీ ప్రతి సభలో విడివిడిగా రావాలి, ఉమ్మడి సమావేశం కుదరదు. రాష్ట్రపతి ఎన్నిక, ఏడో షెడ్యూలు జాబితాలు, పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యం వంటివి ముట్టుకుంటే సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి. ఇన్నీ దాటినా రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని ఏ సవరణా చెరపజాలదు. 1973 కేశవానంద భారతి తీర్పులో 13 మంది న్యాయమూర్తుల్లో 7 మంది చెప్పిన మాట అది.

భిన్నం ఎంత పని చేస్తుందో 1970 సెప్టెంబరులో తెలిసింది. మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వమిచ్చే రాజభరణాల రద్దు బిల్లుకు రాజ్యసభలో అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75 ఓట్లు పడ్డాయి. 224లో మూడింట రెండొంతులంటే 149.33. మూడో వంతు ఓటు తక్కువై బిల్లు పడిపోయింది. తర్వాత 1971లో 26వ సవరణతో గానీ రాజభరణాలు పోలేదు.

ప్రశ్న: రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి ఒకప్పుడు మా పాతపట్నం ఎంపీయేనని, పార్వతీపురంలో ఓడి కోర్టుకెళ్ళారని పెద్దలంటారు. ఏమిటా కేసు?
— పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: 1952లో పాతపట్నం నుంచి గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒక సీటు జనరల్, ఒకటి గిరిజనులకు. ఓట్లు లెక్కిస్తే రెండు సీట్లకూ గిరిజన అభ్యర్థులే గెలిచారు. జనరల్ సీటు నాదేనని గిరి వాదించారు. 1959లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గిరిజన అభ్యర్థి ఎక్కువ ఓట్లు తెచ్చుకుంటే జనరల్ సీటూ అతనిదేనంది. రిజర్వేషన్ అనేది కింది హద్దు తప్ప పై హద్దు కాదని మన మన్యం సీటు నుంచి దేశానికి తెలిసింది. ఎన్నికల చట్టాలు చేసే అధికారం 327వ అధికరణం కింద పార్లమెంటుది. ఆ అధికారంతోనే 1961లో ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసింది.

ప్రశ్న: వేటకెళ్ళి పరాయి దేశాల జైళ్ళలో చిక్కుకుంటున్న మా మత్స్యకారుల కోసం పార్లమెంటుకే అర్జీ పెట్టుకోవచ్చా? 2018లో గుజరాత్ నుంచి వేటకెళ్ళి పాకిస్థాన్‌లో చిక్కిన మావాళ్ళు 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు.
— గార మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పెట్టుకోవచ్చు. విదేశీ వ్యవహారాలు కేంద్ర జాబితాలోవి. వేటలోనూ ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళ ప్రాదేశిక జలాల దాకా రాష్ట్రానిది, అది దాటితే కేంద్ర జాబితాలో 57వ అంశం. మీ విషయం పార్లమెంటు గడప లోపలిదే.

లోక్‌సభకు 15 మందితో, రాజ్యసభకు 10 మందితో పిటిషన్ల సంఘాలున్నాయి. అర్జీ సభను ఉద్దేశించి రాయాలి, మంత్రినో స్పీకర్‌నో కాదు. మర్యాదైన భాషలో ఉండాలి. తెలుగులో రాస్తే హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జత చేసి దాని మీదా సంతకం పెట్టాలి. అసలు అర్జీ రాసిన కాగితం మీదే కనీసం ఒకరి సంతకం, చదువు రానివారైతే వేలిముద్ర ఉండాలి. మన సంఘాలు తప్పేది ఇక్కడే: అర్జీ ఒక కాగితం, సంతకాల పట్టీ అంతా విడిగా ఇంకో కట్ట. సంతకం చేసిన ప్రతి ఒక్కరి పూర్తి పేరు, చిరునామా రాయాలి. ఉత్తరాలు, అఫిడవిట్లు, ఫొటోలు జత చేయకూడదు, చెప్పాల్సిందంతా అర్జీలోనే చెప్పాలి. చివరి పేరాలో ఏం కోరుతున్నారో తేటగా ఉండాలి. "న్యాయం చేయండి" అంటే చాలదు. "ఇతర దేశాల్లో నిర్బంధంలో ఉన్న మత్స్యకారుల కుటుంబాలకు వారి స్థితిగతులు నెలకోసారి తెలిపే ఏర్పాటు చేయాలి" వంటి ఒక పని చెప్పాలి. కోర్టులో నడుస్తున్న విషయం, చట్టంలో వేరే పరిష్కారం ఉన్న విషయం, శాసనసభలో ఎత్తాల్సిన విషయం అయితే తీసుకోరు.

ఎంపీ ద్వారా ఇస్తే ఆయన కూడా అర్జీ మీద సంతకం చేయాలి. ఎవరు మీ ఎంపీ అన్నది మాత్రం జిల్లా పేరు చూసి అనుకోవద్దు. ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా ఓటు విజయనగరం లోక్‌సభ సీటుకు. శృంగవరపుకోట విజయనగరం జిల్లాలో ఉన్నా విశాఖపట్నం సీటుకు. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు అరకు సీటులో ఉన్నాయి. గార మండలం శ్రీకాకుళం అసెంబ్లీ నియోజకవర్గంలోది కాబట్టి మీకు శ్రీకాకుళం ఎంపీయే.